మెట్ల కింద అమ్మ మిషన్

మా చిన్నప్పటి ఇంటికి మెట్లుండేవి కానీ... పట్టుకోవడానికి పక్కన ఏమీ ఉండేది కాదు.

తూంకుంటలో మాది పాత ఇల్లు. వాకిట్లోంచి డాబా మీదికి బండలతో కట్టిన మెట్లు. ఒక మెట్టు పొట్టి, ఇంకో మెట్టు ఎత్తు. వాటి కింద చీకట్లో పిడకలు, విరిగిన నాగలి, ఎరువు బస్తాలు... ఎండాకాలం కోళ్లు కూడా అక్కడే.

ఒకరోజు మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తెద్దామని ఎక్కింది. దిగేటప్పుడు కాలు జారి పడింది. కుడి చెయ్యి భుజం దగ్గర విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి పైకి లేవలేదు.

ఆ మెట్లు పడగొట్టి కొత్తవి కట్టించాలని నాయిన అనుకున్నాడు. అప్పుడు అమ్మ ఒక మాట అడిగింది. తన కోసం అమ్మ ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి.

“గా మెట్ల కింద జాగ నాకియ్యుండ్రి. మిషిన్ పెట్టుకుంట.”

అమ్మకు పెళ్లికి ముందే కుట్టుపని వచ్చు. తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న మిషన్ మా ఇంట్లో గోనెపట్టా కప్పుకుని ఓ మూలన ఉండేది. దాని మీద మంచినీళ్ల బిందె పెట్టుకునేవాళ్లం... అది కుట్టుమిషన్ అని నాకు చాలాకాలం తెలియనే తెలియదు.

మంచం మీద పడుకున్న అవ్వకు ఆ మాట నచ్చలేదు. “మంది బట్టలు కుడతవా? భూములున్నోళ్లం... మనకేం తక్వైందే?”

“తక్వై కాదత్తమ్మా,” అంది అమ్మ మెల్లగా. “నాకొచ్చిన పని నేనే మర్సిపోతున్న.”

నాయిన కండువా దులుపుకుని పొలానికి వెళ్లిపోయాడు. అమ్మ లోపలికి వెళ్లి అన్నం వార్చింది. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం.

కొత్త మెట్లు సగం లేచాక మేస్త్రీ వచ్చి అడిగాడు. “పటేలా, కింద గోడ పెట్టి మూసేద్దామా? బస్తాలు మంచిగ పడతయ్.”

“మూసుడొద్దు,” అన్నాడు నాయిన. “గాడ ఒక కిటికి పెట్టు. సూదిల దారం ఎక్కియ్యాల్నంటే ఎల్తురు గావాలె.”

అమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. తలెత్తి చూడలేదు. తోమిన గిన్నెనే మళ్లీ మళ్లీ తోముతూ కూర్చుంది...

అలా మిషన్ మెట్ల కిందికి చేరింది. కానీ బట్టలు మాత్రం రాలేదు. అవ్వ పొద్దంతా ముందరి అరుగు మీదే కూర్చునేది. చేతిసంచిలో బట్టలు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లు ఆమె మొహం చూసి, ఊరికే పలకరించి పోదామని వచ్చినట్టు రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవారు. అమ్మ నా చిరిగిన నిక్కర్లు, నాయిన పాత చొక్కాలు కుడుతూ కాలం గడిపింది. రోజూ మిషన్‌కు నూనె వేసి తుడిచేది.

ఆ రోజుల్లో అవ్వకు రవిక తొడుక్కోవడమే పెద్ద పని. చెయ్యి లేవక, నొప్పికి పళ్లు బిగబట్టేది. అమ్మ సాయం వస్తే వద్దనేది.

ఒక మధ్యాహ్నం అమ్మ అవ్వ మంచం మీద ఓ కొత్త రవిక పెట్టి వచ్చేసింది. దాని కుడి చెయ్యి భుజం నుంచి కింది దాకా తెరుచుకుంటుంది. చేతి చుట్టూ వేసుకుని టిచ్ బటన్లు నొక్కుకుంటే చాలు... చెయ్యి లేపే పనే లేదు.

అవ్వ ఆ రవికను చాలాసేపు తిప్పి చూసింది. మర్నాడు పొద్దున అదే తొడుక్కుని అరుగు మీద కూర్చుంది. దారిన పోతున్న పక్కింటామెను తనే పిలిచి భుజం చూపించింది.

“మా కోడలు కుట్టింది. సూడు... ఎవ్వల సాయం లేకుండ నేనే ఏసుకున్న. లోపలికి పో, నీది గూడ కొల్త తీస్కుంటది.”

ఇగ చూడండి... మెట్ల కింద సందడే సందడి. వచ్చినవాళ్లు లేవబోయి మెట్టుకు తల కొట్టుకుంటున్నారని, అమ్మ దూది నింపిన చిన్న దిండు ఒకటి కుట్టి అక్కడ వేలాడదీసింది. పెళ్లి ముచ్చట్లు, కూర ముచ్చట్లు, ఎవరింట్లో ఏం గొడవ... అన్నీ అక్కడే. నేను బడి నుంచి వచ్చి, పైకప్పు బాగా కిందికి దిగే మూలన గుడ్డముక్కల కుప్ప మీద పడుకునేవాణ్ణి. మిషన్ చప్పుడు వింటూ పట్టిన నిద్ర... అంత మంచి నిద్ర మళ్లీ పట్టలేదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఎండాకాలం ఆ మెట్లూ పడగొట్టాం. ఇంటి పని చూస్తున్న డిజైనర్ అమ్మాయి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. మెట్ల కింద చెప్పుల అర, ఇన్వర్టర్, లాగితే బయటికొచ్చే సొరుగులు. నాకు మనసొప్పలేదు. ఆ జాగా అమ్మకే ఉంచుదామని వెళ్లి అడిగాను.

అమ్మ నవ్వింది. “నాకెందుకు బిడ్డా? ఇగ నడుమొంచి కూసునుడు నా తోటి కాదు. పైన రూమియ్యి, గాలి మంచిగొస్తది. మెట్లు మాత్రం పొట్టిగ పెట్టియ్యి.”

నాయిన పక్కనుంచి, “రెండు దిక్కుల రెయిలింగ్ పెట్టియ్యి,” అన్నాడు.

అలాగే కట్టించాం. అమ్మ ఇప్పుడు పై గదిలో మోటారు మిషన్ మీద కుడుతోంది. ఊరి చుట్టూ లేచిన కొత్త లేఅవుట్లలోంచి ఆడపిల్లలు రవికలు కుట్టించుకోవడానికి, చీరలకు ఫాల్ వేయించుకోవడానికి వస్తారు. ఫోన్‌లో కొలతలు పంపిస్తారు, బట్ట ఇచ్చేసి జల్దీ వెళ్లిపోతారు.

కింద సొరుగులు నిజంగానే అందంగా ఉన్నాయి. మూసేస్తే గోడలో కలిసిపోతాయి. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చోటు దొరికింది... ఊరికే వచ్చి కూర్చుని పోయే మనుషులకే ఎక్కడ చోటు పెట్టాలో తెలియడం లేదు.

మీ ఇంట్లో మెట్ల కింద ఎవరుండేవారు... చెప్పరూ?