చిన్నాయన అతికిన బోర్డు

మూత ఇప్పంగనే ముందుగాల వచ్చింది పసుపు వాసన. ఇన్నేండ్లు పెట్టెల మూసిపెట్టినంక సుత పసుపు వాసన చావదంటే ఎవరు చెప్పినా నమ్మకపోదును, కానీ వచ్చింది. దాని ఎనకనే తుప్పు వాసన, బొద్దింకల వాసన, చెడిపోయిన కొబ్బరి వాసన కలిసి వచ్చినయి. అమీర్‌పేటల మా ఇల్లు మూడేండ్ల కింద బిల్డర్‌కు ఇచ్చేటప్పుడు సజ్జ మీది సామాన్లు దించుతుంటే దొరికి, ఇన్నొద్దులు ఇప్పకుండ పెట్టిన నల్ల ప్లాస్టిక్ పెట్టె అది. రెండు జానల పొడుగు, మూడు వేళ్ళ మందం, పైన రబ్బరు మీటలు. మా చిన్నతనంల టీవీకి తగిలించి వాడే ఇంటి కంప్యూటర్ గట్లనే ఉంటుండె. లోపల బోర్డు సగం పచ్చగ చిలుమెక్కి, రాగి గీతలు చెదలు తిన్నట్టు తెగిపోయి, మూలకు పసుపు మరక ఎండి గట్టిపడి ఉన్నది. అది ఎట్ల పడ్డదో నాకు ఎరుకే. ఎరుకై కూడ నోరు మూసుకున్న దానిని.

ఇరవై ఏండ్ల సంది పంజాగుట్టల ఒక ఆఫీసుల కూసొని కంప్యూటర్ మీద సర్క్యూట్ బోర్డులు గీసుడే నా పని, కాబట్టి ఇది బాగు చేస్తే బాగయ్యే సరుకు కాదని మొదటి పూటనే తెలిసింది. అందుకే కొత్త బోర్డు గీసుడు మొదలుపెట్టిన. నాలుగు స్క్రూ బొక్కలు ఉన్న జాగలనే ఉండాలె, మీటల పట్టీ దూరే గాటు ఉన్నకాడనే ఉండాలె, లేకుంటే పాత పెట్టెల కూసోదు. ప్రాసెసర్, టీవీకి బొమ్మ పంపే చిప్పు పాతయే పీకి సాకెట్లల్ల పెట్టాలె, ఎందుకంటే ఆ బొమ్మ చిప్పు ఇప్పుడు ఎక్కడ దొరకదు. మెమరీకి పాతదాంట్ల వరుసగ చిప్పులు పేర్చిండ్రు, ఇప్పుడు ఒక్కటి చాలు. కరెంటు తగ్గించే ముక్క అప్పుడు పెనం లెక్క కాలుతుండె, దాని బదులు గోరంత ముక్క వచ్చింది, వేడే ఎక్కదు. అన్నిటి మీద తడి తాకకుండ వార్నిష్ లాంటి పూత ఒకటి పూయాలె. ఈ చివరి మాట కాయితం మీద రాసుకునేటప్పుడు పెన్ను జర గట్టిగనే ఒత్తిన.

వార్నిష్ అంటే మా నాయిన వాసన. పంజాగుట్టల ఆయనకు మోటర్ వైండింగ్ షాపు ఉండె. కాలిపోయిన నీళ్ళ మోటర్లు, కూలర్ మోటర్లు, పిండిగిర్ని మోటర్లు ముందట కుప్పపోసుకొని, లోపలి రాగితీగ మొత్తం పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పూసి ఎండకు పెడుతుండె. ఎండాకాలమైతే మనిషికి అన్నం తినే తీరిక ఉండకపోయేది. ఇంటికొస్తే అంగీ విప్పి దండెం మీద ఏసేటోడు, దాని వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. గానీ ఒక్క మాట అనకపోయేది, మా ఇంట్ల నాయిన మాట మీద ఇంకొకరి మాట నడవకపోయేది. గప్పటి అమీర్‌పేట వేరు. మా గల్లీల రెండు జామచెట్లు, ఒక చేతిబోరింగు, వానొస్తే మోకాలు లోతు నీళ్ళు, వాన వెలిస్తే మగపిల్లల చిర్రగోనె, ఆడపిల్లల తొక్కుడుబిళ్ళ. పొద్దుగూకితే ప్రతి ఇంటికెల్లి మిరపకాయల పోపు ఘాటు వచ్చి గల్లీ గల్లీ దగ్గేది.

ఆ ఇంట్ల నాయిన తమ్ముడు, మా చిన్నాయన, మాతోనే ఉంటుండె. సన్నగ, పొడుగ్గ, ఎప్పుడు సూడు చెవి మీద పెన్సిల్. దుబాయ్‌ల పనిచేసే దోస్తు ఒకడు సెలవుల మీద వచ్చి పోతపోత ఈ కంప్యూటర్‌ను ఆయన చేతుల పెట్టి పోయిండు. అంతే, చిన్నాయనకు అన్నం లేదు, నీళ్ళు లేవు. ప్రోగ్రాం ఎక్కియ్యాలంటే టేప్‌రికార్డర్‌ల క్యాసెట్ పెట్టాలె, అది కీసుమని మొత్తుకుంటుంటే అమ్మ వంటింట్లకెల్లి "దయ్యం ఏడుస్తున్నట్టుంది, జర బంద్ చెయ్" అని కేకేసేది. అయిదు నిమిషాలు మొత్తుకొని ఆఖరికి కరెంటు పోయేది, మళ్ళ మొదటికెల్లి. ఎండాకాలంల పెట్టె కాగిపోతుంటే తాటాకు ఇసనకర్ర పట్టుకొని ఊపుడు నా ఉద్యోగం. టీవీ మీద ఒక తెల్ల చుక్క అటు ఇటు ఉరుకుతుంటే గల్లీ పిల్లలంత నోరు తెరుచుకొని సూసేటోళ్ళు. మా మీద వాటాల అద్దెకుండే గుడివాడ ఆంటీ పులిహోర గిన్నె పట్టుకొని వచ్చి, "ఏంటమ్మా, ఇందులో మనుషులు రారా?" అని అడిగి, రారని చెప్తే పాపం మస్తు నిరాశపడి పోయింది. నాకు మాత్రం ఇసనకర్ర ఊపినందుకు రోజుకొకసారి ఆ చుక్కను నడిపే హక్కు ఉండె, దానికోసం నేను బడి ఎగ్గొట్టమన్నా ఎగ్గొడుదును.

చిన్నాయన మనసుల ఒక్కటే ఉండె. గల్లీ మొగదల ఒక రూమ్ మాట్లాడుకున్నడు, పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాసు పెడ్తడు, దసరా తెల్లారి మొదలు. రేకు మీద పేరు సుత తానే రంగుతోని రాసుకొని మంచం కింద దాచిపెట్టిండు. అప్పటికి అమీర్‌పేటల అట్లాంటి క్లాసు నేను సూసినంతల ఒక్కటి లేదు. పెట్టెల ఉన్న మెమరీ క్లాసుకు సాలదని, ఎక్కడెక్కడనో చిప్పులు సంపాయించి, దసరా ముందటి దినం మొత్తం బోర్డు విప్పుకొని కూసొని, సన్న తీగలు పదిహేనో పదహారో అతికిండు. నేను పక్కన కూసొని తీగల మీది పొర గీకి ఇచ్చిన. సాయంత్రం పెట్టి చూస్తే పనిచేసింది. నన్ను ఎత్తుకొని గిరగిర తిప్పిండు.

దసరా పొద్దుగాల ఇల్లంత బంతిపూలు. ముంగిట్ల కడిగిన నాయిన స్కూటర్, షాపుకెల్లి తెచ్చిన పట్టకార్లు, సుత్తెలు, తీగ చుట్టే మిషన్, అన్నిటికి పసుపు కుంకుమ బొట్లు. వంటింట్ల మటన్ ఉడుకుతున్నది, గారెల పిండి రుబ్బుతున్నరు, బతుకమ్మ నాటి మలీద ముద్దలు ఇంకా డబ్బాల ఉన్నయి. కంప్యూటర్‌ను కూడ పూజల పెట్టాలని నాయిన అన్నడు. మూత బిగియ్యకముందే పెట్టుమన్నడు, మోటర్‌కైనా దేనికైనా లోపలి రాగికే బొట్టు పెట్టాలనేది ఆయన పద్ధతి. చిన్నాయన గొణిగిండు గానీ, పెద్దన్న మాట, పెట్టిండు. కర్పూరానికి అగ్గిపెట్టె తెచ్చెతందుకు చిన్నాయన లోపలికి పోయిండు. నాయిన కొబ్బరికాయ కొట్టిండు. ఎప్పుడైనా చెంబుల నీళ్ళు పట్టేటోడు, ఆ దినం కాయ వంకరగ పగిలి నీళ్ళన్ని బోర్డు మీద పడ్డయి, బొట్టు పెట్టిన పసుపు కరిగి మూలకు జారింది. నాయిన భుజం మీది తువ్వాలతోని గబగబ తుడిచి మూత పెట్టిండు. మోటర్ మీద నీళ్ళు పడితే ఏమైతది, ఆరిపోతది; ఆయన లెక్క అదే. తలెత్తి నా దిక్కు ఒక్క చూపు చూసిండు. ఆ చూపు నాకు బాగ తెలుసు.

పూజైన మిషన్‌ను ముహూర్తం దాటకుండ ఒక్కసారన్న నడిపియ్యాలె, అది మా ఇంటి ఆనవాయితీ. స్కూటర్ చక్రం నిమ్మకాయ మీదికెల్లి పోయింది. చిన్నాయన కంప్యూటర్‌ను టీవీకి తగిలించి, "స్విచ్ నువ్వే ఎయ్యి బిడ్డా, నీ చేతితోనే షురూ కావాలె" అన్నడు. నేను నాయినను చూసిన. "ఎయ్యి" అన్నడు నాయిన. ఏసిన. టీవీ మీద గీతలు గీతలు వచ్చినయి, సన్నగ పొగ లేచింది, అయిపోయింది.

చిన్నాయన మొకంల నెత్తురు లేదు. "నీళ్ళు గిట్ల పడ్డయా అన్నా?" అని అడిగిండు.

"నీళ్ళెక్కడియి? చెంబుల పట్టిన. బిడ్డను అడుగు" అన్నడు నాయిన.

"పడలే చిన్నాయనా" అని చెప్పిన. నాకు తొమ్మిదేండ్లు.

"నిన్నంత విప్పి అతికితివి గద, నీ అతుకుడే కొంప ముంచింది. కొందరి చెయ్యి మంచిగుండదు, ఇగ ముట్టకు దాన్ని" అన్నడు నాయిన. ఆ మాట ఎంత సులువుగ అన్నడో! సాయంత్రం జమ్మి తెచ్చుకున్నంక, పద్ధతి ప్రకారం చిన్నోళ్ళు పెద్దోళ్ళ చేతుల జమ్మాకు పెట్టి కాళ్ళు మొక్కుతుంటే, చిన్నాయన వచ్చి నాయిన చేతుల ఆకు పెట్టి వంగి కాళ్ళు పట్టుకున్నడు. "తప్పైందన్నా, పండుగ పూట ఇంట్ల అపశకునం చేసిన" అన్నడు. నాయిన ఆయనను లేపి గుండెకు హత్తుకొని అలాయ్ బలాయ్ ఇచ్చి, "పోనీ తియ్" అని మాఫ్ చేసిండు. థూ! ఎవరు ఎవరిని మాఫ్ చెయ్యాలె! నేను అక్కడనే గారె తినుకుంట నిలబడ్డ.

పెట్టెను గుడ్డల చుట్టి సజ్జ మీద పెట్టిండ్రు, మళ్ళ ఎవరు విప్పలె. రూమ్ వేరేవాళ్ళకు పోయింది, పేరు రాసిన రేకు బోరింగు కాడ బురదల కాలుపెట్టే పలక అయింది. చిన్నాయన మాసబ్ ట్యాంక్ కాడ సర్కారు ఆఫీసుల ముందట స్టూలేసుకొని దరఖాస్తులు టైపు కొట్టుడు మొదలుపెట్టిండు. ఆయన టైపు మిషన్ మీద మీటలు కొడుతుంటే, ఇక్కడ అమీర్‌పేటల కంప్యూటర్ క్లాసులు పుట్టగొడుగుల లెక్క లేచినయి, గోడ కనపడకుండ బోర్డులు, మెట్లు కనపడకుండ పిల్లలు. ఇంట్ల ఫ్యూజు పోయినా చిన్నాయన ముట్టకపోయేటోడు. "నా హస్తవాసి మంచిది కాదు, వేరేటోళ్ళను పిలువుండ్రి" అని నవ్వేటోడు. అందరు నవ్వేటోళ్ళు. నేను సుత నవ్విన. చదువుకున్న, ఇదే విద్యల ఉద్యోగం చేసిన, మొదటి జీతంతోని ఆయనకు అంగీ గుడ్డ పెట్టిన, అసలు ముచ్చట మాత్రం చెప్పలె.

కొత్త బోర్డు గీసేముందు పాతదాన్ని స్పిరిట్‌తోని కడిగి గీత గీతకు మీటర్ పెట్టి చూసిన. తెగినయన్ని కొబ్బరినీళ్ళు పారిన దారిల ఉన్నయే. చిన్నాయన అతికిన అతుకులు ఒక్కటంటే ఒక్కటి ఊడలె, ఇయ్యాల అతికినట్టు మెరుస్తున్నయి. ఆ అతుకులు చూసి వారం దినాలు నాకు అన్నం సయించలె. అందుకే, మెమరీ చిప్పు ఇప్పుడు ఒక్కటే అయినా, ఆయన తీగలతోని కలిపిన కలుపులన్ని కొత్త బోర్డుల రాగి గీతలుగ గీసిన, ఒక్కటి మార్చలె, మార్చే అవసరం రాలె.

పెద్ద కాయితం మీద ఆ కొత్త బోర్డు నక్ష అచ్చు తీసుకొని యూసుఫ్‌గూడకు పోయిన. చిన్నాయన అక్కడ రెండు గదులల్ల కిరాయికుంటడు, కండ్లకు మందం అద్దాలు. నక్షను మంచం మీద పరిచి, వేలు పెట్టి గీతల మీద నడుచుకుంట పోయి, ఒక్కకాడ ఆగిండు. "గివి నా తీగలు గదా బిడ్డా!" అన్నడు. దసరా ముందటి దినం తర్వాత ఆ మొకం నేను మళ్ళ ఇప్పుడే చూసిన. "అతికేటప్పుడు నన్ను పిలువకు, నా చెయ్యి తగిలితే ఇది సుత పోతది" అని నవ్విండు.

ఇగ నాతోని కాలె. కాయ వంకర పగిలిన కాడికెల్లి మొత్తం చెప్పిన. నాయిన తుడిచింది, చూసింది, నేను అబద్ధం చెప్పింది, అన్ని. ఆయన అద్దాలు తీసి లుంగీ కొసతోని తుడుచుకుంట అడిగిండు.

"గప్పుడు నీకెన్నేండ్లు?"

"తొమ్మిది."

"తొమ్మిదేండ్లకు మాఫ్. పందొమ్మిది వచ్చినంక? ఇరవై తొమ్మిది వచ్చినంక?"

నేను నక్ష మూలను సాపు చేసుకుంట కూసున్న.

"మీ నాయిన పాడె నేను మోసిన. శ్మశానం దాంక మనసుల 'తప్పైందన్నా, తప్పైందన్నా' అనుకుంటనే నడిచిన. నువ్వు నా పక్కపొంటి నడిచినవ్ గద. గప్పుడన్న చెప్పొద్దా బిడ్డా?"

తిట్టలె. తిడితే బాగుండు. నక్షను మడతల మీద మడత పెట్టి నా చేతుల పెట్టిండు. "మంచిగ గీసినవ్. ఎవరికన్న పనికొస్తది, ఇచ్చెయ్. నా దగ్గరికి తేకు" అన్నడు. నేను చెప్పులు తొడుక్కుంటుండంగనే తలుపు ఏసుకున్నడు.

అమీర్‌పేట దాంక నడుచుకుంటనే వచ్చిన. మా గల్లీల జామచెట్లు లేవు, బోరింగు లేదు, మా ఇల్లున్న జాగల అయిదంతస్తుల హాస్టల్ లేచింది, మెట్ల మీద పిల్లలు ల్యాప్‌టాప్ సంచులు ఏసుకొని చాయ తాగుతున్నరు. నాయిన షాపు పోయింది, నాయిన పోయిండు, అమ్మ పోయింది. నేను నోరు తెరిస్తే గద్దించెతందుకు ఈ ఊర్ల ఒక్క మనిషి సుత మిగల్లె, మిగలక సుత ఏండ్లైంది. గిన్నేండ్లు నేను భయపడ్డది ఎవరికో నాకే తెలుస్తలేదు.