బాలింత దయ్యం సినిమా ఆడిన వేసవి

తెనాలిలో మా ఎదుటి ఫ్లాటువాళ్ళు పసివాడికి సాంబ్రాణి వేసినప్పుడల్లా ఆ వాసన తలుపు సందులోంచి మా హాల్లోకి వస్తుంది. అందరికీ అది చిన్నతనాన్ని తియ్యగా గుర్తు చేస్తుందేమో గాని, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. మా రేపల్లె వీధిలో ఎవరింట పురుడొచ్చినా బిడ్డకు నీళ్ళు పోసేది నాగరత్నం పిన్ని. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆ పనే ఆవిడ బతుకు.

పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, తల గుండ్రంగా ఒత్తి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపిస్తుంటే మేము అచ్చంగాయలాట వదిలేసి చుట్టూ మూగేవాళ్ళం. "దూరం జరగండే, దిష్టి పెట్టమాకండి" అని కసిరేది. కసిరి, మిగిలిన నూనె మా తలలకే రాసేది.

తాటిముంజలు బండ్ల మీద దిగుతున్న ఒక వేసవిలో ఊళ్ళోకి దయ్యాల సినిమా వచ్చింది. పురిట్లో చచ్చిపోయిన ఆడమనిషి తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, ఇంటింటి ఉయ్యాలా వెతుక్కుంటూ వస్తుంది. హాల్లో ఆడవాళ్ళు వేయించిన వేరుశెనక్కాయలు ఒలవడం మర్చిపోయి ఒళ్ళో పిల్లల్ని బిగించి పట్టుకున్నారు. పట్టుకోరూ మరి! పురిటికి వెళ్ళిన మనిషి తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టే అనుకున్న రోజులవి, బిడ్డను పోగొట్టుకోని ఇల్లు మా వీధిలో లేదు. డాక్టరు లేని ఆస్పత్రి మీద సినిమా తీస్తే ఎవడు చూస్తాడు? అందుకే సినిమావాడు మా భయానికి చీర కట్టి తెర మీదికి వదిలాడు.

ఆ వారంలోనే పక్కింటి పసివాడికి జ్వరం తగిలింది. ఆస్పత్రికి పరుగెత్తితే డాక్టరు లేడు, బాపట్ల తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. డాక్టరు ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు. ఆ బిడ్డకు నీళ్ళు పోసిందెవరని మాత్రం అందరూ అడిగారు. పిల్లల్లేని మనిషి, మధ్యాహ్నాలు అరుగు మీద తల ఆరబెట్టుకునే మనిషి, ఇంకేం కావాలి? గుమ్మాలకు వేపమండలు లేచాయి. అప్పటికి మా తమ్ముడు నెల గుడ్డు. మర్నాడు పొద్దున్నే పిన్ని నూనెగిన్నెతో వస్తే మా నాయనమ్మ గడప దాటనివ్వలేదు.

"రేపట్నించి రామాకే, రత్తం."

"సినిమా చూసొచ్చి నన్ను మానిపిస్తన్నారా పెద్దమ్మా? నీ మనవరాలి ఒళ్ళు గట్టిపరిచింది ఎవురు?"

నాయనమ్మ తలుపు మూసి గడియ వేసేసింది. ఛీ, అదీ ఒక పెద్దరికమేనా! వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోక, వానలు పడేలోపే పిన్ని బాపట్లలో తన తమ్ముడి పంచన చేరింది.

ఏళ్ళు గడిచి నాకు కూతురు పుట్టింది. నీళ్ళు పోసే చెయ్యి దొరక్క మా అమ్మ ఆవిడను బతిమాలి తీసుకొద్దామని బాపట్ల వెళ్ళింది. పిన్ని కాఫీ ఇచ్చిందట, బిడ్డ ఎవరి పోలిక అని అడిగిందట, అన్నీ విని తల అడ్డంగా ఊపిందట.

"నా వల్ల కాదమ్మా. రేపు దానికి జలుబు చేసినా నేనే మింగానంటారు."

ఇప్పుడు ఆ రేపల్లె వీధిలో నీళ్ళు పోసేవాళ్ళు లేరు, సినిమా హాలున్న చోట కల్యాణ మండపం ఉంది. దయ్యాలు మాత్రం లిఫ్టుల్లోకి, ఫోన్లలోకి, ఐసీయూల్లోకి మకాం మార్చాయి. మనుషుల భయం ఎక్కడుంటే అవీ అక్కడే. మా అమ్మాయి సరదాపడి తీసుకెళ్తే ఆ సినిమాలు నేనూ చూస్తాను. మా వీధి పిన్నిని చూసి భయపడింది ఒక్క వేసవి. పిన్ని మాత్రం మమ్మల్ని చూసి చచ్చేదాకా భయపడింది.