మా అత్త కాళ్ళు చాపుకునే చోటు

బాత్రూము నేల ఎలా ఉండాలో తేల్చేది మగవాళ్ళు. బ్రష్షు పట్టుకుని ఆ నేలను తోమే మనిషిని ఒక్కడూ అడగడు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఉదయగిరిలో మా ఇంటి బాత్రూము చాలా చిన్నది. లోపల ఒకరు కూర్చుంటే, నీళ్ళు అందించేవాళ్ళు గుమ్మంలో నిలబడాల్సిందే. సిమెంటు నేల పెచ్చులూడి గుంటలు పడటంతో, మా అమ్మాయి తొలికాన్పుకు వచ్చేలోపు బాగు చేయించాలనుకున్నాం. అందరికీ అమ్మాయి గురించే ఆలోచన. నా ఆలోచన మాత్రం మా అత్త గురించి. మా వీధిలో సగం మంది పిల్లలకు పసితనంలో నీళ్ళు పోసింది ఆమే. నేల మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె పట్టించి పోస్తుంది. నా పిల్లలకూ అలాగే పోసింది. ఇప్పుడామె నడుము వంగింది. ఇంట్లో పనులు ఒక్కొక్కటీ ఆమె చేతిలోంచి పోయాయి, ఈ ఒక్కటే మిగిలింది. మనవరాలి బిడ్డకు నీళ్ళు పోసేదాకా తనను తీసుకుపోవద్దని దేవుడికి చెప్పానని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేది.

ఆత్మకూరులో అయితే రకాలు ఎక్కువ దొరుకుతాయని మా ఆయన, మా మరిది, నేను బస్సెక్కి పోయాం. నన్నెందుకు వెంటబెట్టుకుపోయారో నాకు తెలియదు. టైల్సు కొట్టాయన ముగ్గురికీ టీ తెప్పించాడు గానీ మాట మాత్రం వాళ్ళిద్దరితోనే. మధ్యలో నీలం డాల్ఫిన్ బొమ్మతో తళతళలాడే తెల్ల టైళ్ళు చూపించాడు. మా మరిది ఇంట్లో ఉన్నవీ అవే. నేను గరుకువి కావాలన్నాను. గరుకైతే మురికి పడుతుంది, కడగలేరు అన్నాడు కొట్టాయన. పోనీ కడప బండలే వేయిద్దామన్నాను. అవి గొడ్ల కొట్టంలో వేసుకునేవి వదినా అని మా మరిది నవ్వాడు.

నా దగ్గర నీళ్ళ సీసా ఉంది. ఆ మెరిసే టైలు ఒకటి కింద పెట్టించి, దాని మీద నీళ్ళు పోసి, చెప్పు విడిచి కాలు మోపాను. సర్రున జారింది. పక్కనున్న మరిది పట్టుకోకపోతే అక్కడే పడేదాన్ని.

మా ఆయన టైలు వంక చూడలేదు. కొట్టులో మమ్మల్ని చూస్తున్న వాళ్ళ వంక చూశాడు. "నలుగుర్లో ఏందిది? ముందు చెప్పు తొడుక్కో," అన్నాడు. డాల్ఫిన్ టైళ్ళే ఖాయం చేశారు. తిరుగు బస్సులో అన్నదమ్ములిద్దరూ డాల్ఫిన్ తల ఎటు రావాలా అని మాట్లాడుకుంటూ వచ్చారు. నేను కిటికీ వైపు తిరిగి పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ బాత్రూము కడుగుతున్నది నేను. నాకు లేని మురికి బాధ వీళ్ళకెందుకు?

బిడ్డ పుట్టింది. బొడ్డు ఊడింది. నీళ్ళు పోసే రోజు అత్త పొద్దున్నే లేచి కొంగు బిగించుకుంది. బిడ్డను తీసుకునే ముందు ఒకసారి ఉత్తినే కూర్చుని చూస్తానంది. పీట వేసుకుని, కాళ్ళు చాపి, నూనె రాసుకుంది. నేను చెంబుతో నీళ్ళు పోశాను. అంతే, పీటతో సహా జారిపోయి ఎదుటి గోడకు తగిలింది. దెబ్బ పెద్దది కాదు. నేను పట్టుకుని లేపితే, ఆ తడి చీరతోనే పోయి వరండాలో కూర్చుంది.

"నా చేతుల్లో సత్తువ ఉండాది మే. ఆ నేల మీదే నాకు నమ్మకం లేదు. బిడ్డను నేను పట్టుకోను," అంది.

వాకిట్లో పోద్దామంటే చలికాలం, పైగా కొండ గాలి. మా ఆయన గోనెసంచి పరవమన్నాడు. నూనె పడేసరికి అదీ జారింది. మరిది ఫోన్లో రబ్బరు మ్యాటు తెప్పించాడు. దాని సంగతీ అంతే. చివరికి ఒక ప్లాస్టిక్ టబ్బు తెచ్చి నన్ను పోయమన్నారు. నేను టబ్బులో బిడ్డకు నీళ్ళు పోస్తున్నంతసేపూ అత్త గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ వీపు చూస్తుంటే నాకు ఏడుపు రాలేదు. కడుపు మండిపోయింది.

ఒకరోజు మా ఆయన ఆఫీసుకు పోగానే గడ్డపార తీసుకుని సరిగ్గా డాల్ఫిన్ తల మీద పొడిచాను. చప్పుడుకు అమ్మాయి బిడ్డనెత్తుకుని పరిగెత్తుకొచ్చింది గానీ వద్దనలేదు. అత్త లేచి కూర్చుంది. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి మేస్త్రీ పాలిష్ పెట్టని కడప బండలు దించి కొలుచుకుంటున్నాడు. ఆయన అరిచిన అరుపు వీధంతా వినిపించింది. నేను అంతకు తక్కువేమీ అరవలేదు.

సిమెంటు బాగా ఆరాక అత్త లోపలికి పోయింది. ముందు అరచేత్తో నేలంతా తడిమింది. తర్వాత కూర్చుని, కాళ్ళు చాపి, మడమలు బండకు ఆనించి చూసుకుంది.

"బిడ్డనియ్యి మే," అంది.

బిడ్డ ఆ కాళ్ళ మీద కాసేపు ఏడ్చి ఊరుకుంది. అత్త దానితో ఏదో మాట్లాడుతూ నూనె రుద్దుతోంది, నేను గుమ్మంలో నిలబడి పోస్తున్నాను. మా ఆయన వెనక నుంచి వచ్చి, నా భుజం మీదుగా తొంగిచూసి, మెచ్చుకుంటున్నట్టు తలూపాడు.

"ఈ బండల సంగతేందో ముందే చెప్పుంటే అయిపోయేది గదా," అన్నాడు.

నా చేతిలో చెంబు నిండుగా ఉంది. అత్త కాళ్ళ మీద బిడ్డ నీళ్ళ కోసం చూస్తోంది కాబట్టి అవి ఆయన మొహాన కొట్టలేదు.