తీపి జిన్, సేఠ్ గ్లాసు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో, అబిడ్స్‌లోని ఒక పాత హోటల్లో ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజరుగా చేరాను. వంటగది, డైనింగ్ హాలు, బారు మూడూ ఆ పదవి కిందికే వస్తాయి. చేరిన వారానికే యజమాని నన్ను పిలిపించాడు. ఆయన్ని మేమంతా సేఠ్ అనేవాళ్ళం. బారు ఈగలు తోలుకుంటోందనీ, ఈసారి లైసెన్సు పునరుద్ధరించే లోపు జనం రాకపోతే ఆ హాలును సుల్తాన్ బజార్ బట్టల వ్యాపారికి కిరాయికి ఇచ్చేస్తాననీ చెప్పాడు.

ఆ బారు ప్రభుదాసుది. కాగితాల మీద కాదు, పనిలో. మెదక్ దగ్గరి క్రైస్తవ మిషన్ ఊరి నుంచి వచ్చి, గ్లాసులు తుడిచి, బల్లలకు వడ్డించే స్టీవార్డై, వాళ్ళ మీద కెప్టెనై, చివరికి బార్‌మన్ అయ్యాడు. పాత గిరాకీ కుర్చీలో కూర్చుంటే చాలు, అడగకుండానే ఆయన మందు, ఆయన సోడా, ఆయనకు కావలసినంత ఐసు గ్లాసులో పడేవి. మన బార్లలో మర్యాద అంటే అదే. గిరాకీ తన సోడా తాను పోసుకున్నాడంటే బార్‌మన్‌కు నామర్దా. ప్రభుదాసు భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. ఈ ఉద్యోగం మీద వచ్చిన ఈఎస్‌ఐ కార్డుతోనే ఆమెకు దవాఖానలో వైద్యం నడుస్తోంది. యాభై దాటిన బార్‌మన్‌ను ఇంకో బారు తీసుకోదు. అంటే బారు మూతపడితే ఆమె వైద్యం ఆగిపోతుంది. ఈ సంగతి సేఠ్‌కూ తెలుసు. తెలిసి ఏం లాభం?

అప్పుడే ఓల్డ్ టామ్ అనే జిన్ మా చేతికొచ్చింది. అది పాతకాలపు తీపి జిన్. ఇప్పుడు ఎక్కడ చూసినా దొరికే డ్రై జిన్‌లో జునిపర్ కాయల ఘాటు నాలుకను గీరుతుంది. ఇందులో ఆ ఘాటు ఉంటుంది గాని దాని మీద కొద్దిగా తీపి పరుచుకుని ఉంటుంది. వెనకాల ధనియాలు, నారింజ తొక్క, గొంతు దిగాక అతిమధురం. సోడా, టానిక్ ఏమీ అక్కర్లేదు. పెద్ద ఐసుగడ్డ, ఒక నారింజ తొక్క ముక్క చాలు. దీనికి తగిన వంటకాలతో ఒక విందు పెట్టి, సేఠ్‌నూ ఆయన స్నేహితులనూ పిలిచి, బారుకు కొత్త పేరు తెద్దామని నా ఆలోచన. మునిగేవాడికి గడ్డిపోచ.

నెల రోజులు మధ్యాహ్నాలు వంటవాళ్ళను వెంటేసుకుని రుచులు చూశాం. ఆప్రికాట్ పళ్ళతో చేసే ఖుబానీ కా మీఠా పక్కన పెడితే జిన్ చేదెక్కింది. మందు కంటే తియ్యనిది ముందు తింటే అంతే, మందులోని తీపి చచ్చిపోయి ఘాటు మాత్రం మిగులుతుంది. మిర్చీ కా సాలన్ కారం అసలు జిన్‌నే మింగేసింది. షికంపురీ కబాబ్ కుదిరింది. లోపలి పెరుగు పులుపును జిన్ తీపి పట్టుకుంది, పుదీనా వాసన జునిపర్‌తో కలిసింది. పత్థర్ కా గోష్త్‌లో మిరియాలు, రాతి మీద కాలిన పొగవాసన ఇంకా బాగా కుదిరాయి. చివర్లో ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. ప్రభుదాసు వెళ్ళి నాంపల్లి బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. వెన్న, కాస్త ఉప్పు, ఆ తర్వాత ఒక గుక్క. నేను ఇంకో బిస్కెట్టు అడిగి తీసుకున్నాను. ఆ సాయంత్రం అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు.

బల్లల మీద సోడా గానీ లైమ్ డ్రింకు గానీ కనిపించకూడదని నియమం పెట్టాను. స్టీవార్డులకు దాన్ని నూరిపోసింది ప్రభుదాసే. ఒక కుర్రాడు మరిచిపోయి సోడా సీసా తెస్తే గట్టిగా కసిరాడు కూడా.

విందు రోజు అందరి బల్లలూ స్టీవార్డులు చూశారు. సేఠ్ బల్ల మాత్రం ఆనవాయితీగా ప్రభుదాసే చూశాడు. సేఠ్ ఒక గుక్క తాగి, కబాబ్ కొరికి, గ్లాసు దూరంగా జరిపాడు.

"మూర్తిగారూ, గిది మందా, షర్బతా?"

దగ్గరికెళ్ళి చూశాను. అందరి గ్లాసుల్లో అడుగున రెండు వేళ్ళ ఎత్తు జిన్, ఐసుగడ్డ. సేఠ్ గ్లాసు మాత్రం అంచుదాకా నిండి బుడగలు కక్కుతోంది. ఏళ్ళ తరబడి సేఠ్ తాగేది జిన్‌లో తియ్యటి లైమ్ డ్రింకు. సేఠ్ కూర్చున్నాడు, ప్రభుదాసు పోసేశాడు. అసలే తీపి జిన్, అందులో అది కూడా కలిస్తే షర్బతే. ప్రభుదాసు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సేఠ్‌కు ఏది ఇష్టమో నాకెర్కే గద సార్," అన్నాడు పక్కకొచ్చి. "చెయ్యి దానంతట అదే పోయింది."

జరిగింది సేఠ్‌కు చెప్పి, సరైన గ్లాసు నేనే తెచ్చిచ్చాను. ఆయన నెమ్మదిగా తాగాడు, కబాబ్ తిన్నాడు, మళ్ళీ తాగాడు. దుర్మార్గుడు కాదు, నిజమే చెప్పాడు.

"ఇది మంచిగున్నది. కాని నాకు తాగ నేర్పనీకి మీరు పక్కన నిలబడాల్సి వచ్చింది. రోజు వచ్చేటోళ్ళకు ఎవరు నేర్పుతరు? ముప్పై ఏండ్ల సంది చేసినోనికే చాతగాలె."

నేను వాదించాను. ఇంకో ఆరు నెలలు గడువడిగాను. ప్రభుదాసు భార్య సంగతి కూడా ఎత్తాను. ఆయన తల దించుకుని విని, లెక్కలు వేరే, మనుషులు వేరే అన్నాడు. లైసెన్సు గడువు తీరగానే బారు మూసేశారు. అక్కడిప్పుడు చీరలు అమ్ముతున్నారు.

తెలిసిన హోటళ్ళన్నిటికీ ఫోన్లు చేశాను. వయసెంత అని అడగడం, తర్వాత చెబుతామనడం. ప్రభుదాసు గౌలిగూడలో ఒక టీ హోటల్లో కప్పులు కడిగే పనికి కుదిరాడు. కార్డు చెల్లకుండా పోయింది, ఆమెకు వారానికి మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్ రెండుకు, తర్వాత ఒకటికి దిగింది. మరుసటి వానాకాలంలో ఆమె సమాధి దగ్గర నేను నిలబడ్డాను. తప్పు నాదే సార్ అని అతను నాతో అన్నాడు. కాదు అన్నాను. నమ్మలేదు.

నా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ ఉదంతం నేర్పేది ఇదీ. మందుకు వంటకం జత చేయడం నాలుక పని, నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. గిరాకీని సంతోషపెట్టడం చేతి పని, దానికి జీవితం పడుతుంది. మనం ఒక మనిషి చేత ముప్ఫై ఏళ్ళు అడగకుండా పోయించి, ఒక్కరోజు పోయవద్దంటే ఆ చెయ్యి వినదు. ప్రభుదాసు ఆ రోజు తన పనిని ఎప్పటిలాగే సరిగ్గా చేశాడు, అందుకే దాన్ని పోగొట్టుకున్నాడు.