బోధన్ రోడ్డు మింగని టైర్లు

ఒక రోడ్డు మీద అబద్ధపు కేసు పెట్టి, సాక్షిగా నా కారునే నిలబెట్టి, చివరికి నా ఇంటి ముందే నేను దొరికిపోయిన వైనం ఇది. చదివేవాళ్లకు నవ్వొస్తే మొహమాటపడక్కర్లేదు. మా గల్లీ వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నిజామాబాద్‌లో ఒక దినపత్రికకు చాలా ఏళ్లుగా విలేకరిని. జిల్లాలో ఏ కల్వర్టు ఎప్పుడు కుంగిందో, ఏ చెరువుకు ఎక్కడ గండి పడిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అన్నిటికన్నా పెద్ద గర్వం ఒకటుండేది. నా వార్తకు ఏనాడూ ‘సవరణ’ పడలేదు. సవరణ అంటే తెలుసు కదా, పేపర్లో ఏదో మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ‘పొరపాటున’ అంటూ మొదలయ్యేది. విలేకరికి అది ముఖాన మసి పూసుకోవడమే. ఈ మసి మాట గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఎంత చిన్నదంటే, మా మామ దాన్ని మొదటిసారి చూసి, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “తతిమ్మది ఎప్పుడొస్తది అల్లుడూ?” అని అడిగాడు.

ఆయన దాన్ని చూసిందే దెబ్బ తిన్న రోజున. నేనూ నా భార్య సుజాతా వాళ్ల ఊరు మోస్రాకు వెళ్తుంటే దారిలో చెరుకు ట్రాక్టరు ఒకటి మలుపు తిరిగింది. బయటికి పొడుచుకొచ్చిన గడ తగిలి మా కారు పక్క అద్దం ఊడి పొలంలో పడింది. మోస్రాలో మామ అద్దం సంగతి అడగలేదు. దిక్కు అడిగాడు.

“ఇంటికాడ బండి ఏ దిక్కు మొఖంబెట్టి తీసినవ్?”

“దక్షిణం. మా గల్లీ అటే పోతది మామా.”

“గదీ సంగతి! దక్షిణం మొఖాన బండి తీస్తరా ఎవ్వలన్న? నయం, అద్దంతోటి పోయింది. రేపటి సంది తూర్పుకు మలిపి, దండంబెట్టి, అటెన్క ఏ దిక్కుకన్న పో.”

“తూర్పుకు తొవ్వ లేదు మామా. ఎదురుంగ గంగారాం ఇల్లున్నది.”

“ఉండనీ. మొఖం మలుపుమన్న గని ఇంట్లకు పొమ్మన్ననా?”

“బాపు ఊకె చెప్పడు” అని సుజాత ముద్ర వేసింది.

నేను చదువుకున్నవాణ్ని. మూఢనమ్మకాల మీద వరసగా వ్యాసాలు రాసినవాణ్ని కూడా. కాని ఊడింది నా కారు అద్దం కదా! వ్యాసాలు వ్యాసాలే, అద్దాలు అద్దాలే.

మా గల్లీ సంగతి చెప్పాలి. సిమెంటు రోడ్డు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయి పెద్ద రోడ్డులో కలుస్తుంది. మా కారు అడ్డంగా నిలబడితే ముందొక మూర, వెనకొక మూర మిగులుతాయి. గోడ పక్కన దక్షిణానికి చూస్తూ బుద్ధిగా నిలబడ్డ కారును రోజూ పొద్దున్నే తూర్పుకు తిప్పాలి. ముందుకు జానెడు, వెనక్కి జానెడు. మధ్యలో, ఆగిన చోట ఆగినట్టే, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు. పవర్ స్టీరింగు కనుక పైన వేలితో తిరిగేది. కింద ముందు టైర్లు మాత్రం సిమెంటు మీద విసుర్రాయిలా కిర్రుకిర్రుమనేవి. ఎట్టకేలకు తూర్పు వచ్చాక హారన్ కొట్టి, దండం పెట్టి, మళ్లీ అంత తతంగమూ చేసి దక్షిణానికి తిప్పేవాణ్ని.

ఎదురింటి గంగారాం గేటు దగ్గర నోట్లో బ్రష్షుతో నిలబడి రోజూ ఈ వేడుక చూసేవాడు.

“ఏం సారూ, ఇయ్యాల గూడ కారు మా ఇంటికే వస్తున్నది. చాయ్ పెట్టమంటవా?”

“దానికొద్దు గంగారాం. పెట్రోలు తాగే వచ్చింది.”

సుజాత ఆ వేళకు వంటింట్లో టిఫిన్ డబ్బాలు సర్దుతూ ఉండేది. ఈ ముక్క కూడా గుర్తుంచుకోండి.

వానలు మొదలైనప్పుడు వేయించిన ముందు టైర్లు బతుకమ్మ నాటికి గుండు గీయించుకున్నట్టు నున్నగా అయ్యాయి. కొత్త జత వేయించాను. అదీ ఎండలు ముదరకముందే బోడిదైంది. టైర్ల దుకాణానికి వెళ్లి అడిగాను.

“అలైన్‌మెంట్ పోయిందా అన్నా?”

“లేదన్నా, సక్కగనే ఉన్నది.”

“అయితే రోడ్డేనంటవా? నేను బోధన్ దిక్కు బాగ తిరుగుత.”

“రోడ్డే అన్నా.”

“ఎండ గూడ కావచ్చు.”

“ఎండే అన్నా.”

టైర్లు అమ్మేవాణ్ని టైరెందుకు అరిగిందని అడగడం, ఆకలెందుకు వేస్తుందని హోటలువాణ్ని అడగడం లాంటిదే. నాకు మాత్రం రోడ్డు అన్న మాట నచ్చింది. ఆడలేనివాడు మద్దెల ఓడంటే, తిప్పలేనివాడు రోడ్డు ఓడన్నాడు.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో పంచాయితీ నడుస్తోంది.

“ఎవలో గని వాకిట్ల మసి పూస్తున్నరు” అంది సుజాత. “నల్లటి చారలు. కొబ్బరిపీచు పెట్టి తోమినా పోతలేవు. గా మసిల ముగ్గేసి ఏం ఫాయిదా?”

“ఎవడో ఆటోవాడు మలుపుకుంటుండొచ్చు.”

“దొరకనియ్యి వాణ్ని. వానితోనే తోమిస్త.”

“తోమియ్యాల్సిందే” అన్నాను, పేపరు తిప్పుతూ.

మర్నాడు వార్త రాశాను. ‘టైర్లను మింగుతున్న బోధన్ రోడ్డు’. పక్కన నా బోడి టైరు ఫొటో. కింద, ‘నెలలు తిరక్కుండానే టైర్లు అరిగిపోతున్నాయని ఓ వాహనదారుడు వాపోయారు’ అని ఒక వాక్యం. ఆ వాహనదారుణ్ని నేనే. వాపోయిన మాట మాత్రం నిజం.

వార్త వచ్చిన రోజే మా ఆఫీసు ఇన్‌ఛార్జి పిలిచాడు.

“రోడ్ల ఇంజినీరు ఫోన్ చేసిండు. లారీలకు, బస్సులకు, చెరుకు ట్రాక్టర్లకు అరగని టైర్లు మీ వాహనదారునికే ఎట్ల అరిగినయని అడుగుతుండు. ఎవలా వాహనదారుడు?”

నేను కారు తాళం జేబులోకి తోసేశాను.

“అనుకున్న. రేపు పొద్దుగాల నీ ఇంటికొస్తడు. రోడ్డు తప్పు సూపియ్యి. లేకుంటే సవరణ ఏసుడే. నీ పేరు మీద.”

“నా పేరు మీదనా?”

“మరి నా పేరు మీద ఏసుకోవాల్నా?”

ఇన్నేళ్ల నా మచ్చలేని చరిత్ర ఆ బోడి టైరు మీద నిలబడింది. పట్టు ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఇంజినీరు చెప్పిన వేళకే వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. నెమ్మదిగా వచ్చాడు, దానికే భయం వేసింది. వంగి టైరు చూశాడు, తడిమి చూశాడు.

“అరిగిన మాట నిజమే. పదండి, మీ కార్లనే పోదాం. మా రోడ్డు ఏడ మింగుతున్నదో సూపియ్యండి.”

ఎక్కి కూర్చున్నాడు. ఇంత ముఖ్యమైన పని మీద దక్షిణ ముఖంగా బయల్దేరతానా? స్టీరింగు మొత్తం తిప్పాను. కిర్రు. జానెడు ముందుకు. మళ్లీ తిప్పాను. కిర్రు.

“ఏం చేస్తున్నరు?” అన్నాడు ఇంజినీరు.

“తూర్పుకు మలుపుతున్న సార్.”

“బోధన్ పడమరకు కద?”

“ముందుగాల తూర్పు సార్. తర్వాత దక్షిణం. అటెన్క పడమర.”

“ఉత్తరం ఏం పాపం చేసింది?”

ఇంకోసారి స్టీరింగు తిప్పాను. సరిగ్గా అప్పుడే, వచ్చిన పెద్దమనిషి కోసం చాయ్ గ్లాసులతో సుజాత గడపలోకి వచ్చింది. కారు వెనక్కి జరిగింది. ముందు చక్రం కింద నుంచి, ఆమె తెల్లారి కడిగిన సిమెంటు మీద, నిగనిగలాడే కొత్త నల్లచార బయటపడింది.

“ఆగు!” అని ఒక్క కేక. “మసి పూసెటోడు దొరికిండు!”

నేను దిగాను. ఇంజినీరూ దిగాడు. గల్లీలో మా ఇంటి ముందు, మా కారంత మేర, నల్లటి వంకలు వంకలుగా జిలేబీలు పోసినట్టుంది. ఇంజినీరు వంగి చార మీద వేలు రాసి, ఆ వేలు నాకు చూపించాడు.

అనాల్సింది గంగారాం అన్నాడు. “ఇన్నొద్దులు నీకు తెల్వదా అక్కా? రోజు సారే నూరుతుండు గద. నేను గది గూడ పూజనే అనుకున్న.”

సుజాత చాయ్ గ్లాసు ఇంజినీరు చేతికిచ్చింది. “బోధన్ దాక ఎందుకు సార్, నిమ్మలంగ చాయ్ తాగుండ్రి. మా ఆయన టైర్లు ఈడనే ఉన్నయ్.”

అంతవరకు నవ్వని ఆ మనిషి చాయ్ ఒలికేలా నవ్వాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట అరిగి రచ్చకెక్కాను.

సవరణ నేనే రాశాను. ‘బోధన్ రోడ్డు టైర్లను మింగుతున్నదని వచ్చిన వార్త సరికాదు. సదరు టైర్లు ఆ రోడ్డు చేరకముందే అరిగినట్టు తేలింది. చింతిస్తున్నాం.’ ఇన్‌ఛార్జి చదివి పెన్ను తీశాడు. “‘చింతిస్తున్నాం’ ఏంది? మేమెవ్వలం చింతిస్తలేం. ‘చింతిస్తున్నాను’ అని రాయి.”

మామకు ఫోన్ చేస్తే ఆయనా చేతులు దులుపుకున్నాడు. “మలుపుమన్న గని నూరుమన్ననా?” వాకిలి మాత్రం సుజాత మాట ప్రకారం ఆ ఆటోవాడే తోమాడు. కొబ్బరిపీచుతో. గంగారాం కుర్చీ వేసుకుని, “గా మూలకు జర ఉన్నది సారూ” అంటూ పర్యవేక్షించాడు.

కావున సమస్త వాహనదారుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆగి ఉన్న కారుకు స్టీరింగు తిప్పను. నా వాకిలి చూసుకోకుండా ఏ రోడ్డు మీదా వార్త రాయను. తూర్పుకు దండం మాత్రం మానలేదు, మామతో పెట్టుకునే ధైర్యం నాకు లేదు. కాకపోతే ఇప్పుడు కారు దక్షిణానికే చూస్తూ నిలబడుతుంది. నేనే దాని పక్కన నిలబడి, మడమల మీద తూర్పుకు తిరిగి, దండం పెట్టి, మళ్లీ దక్షిణానికి తిరుగుతాను.

ఈమధ్య నా చెప్పులు మడమల దగ్గర తొందరగా అరుగుతున్నాయి. దాని మీద వార్త రాసే ఉద్దేశం నాకు లేదు.