ఎర్రమచ్చ కింద తోమన్

మలేషియాలోని బటాంగ్ బెర్జుంటై దగ్గర, తగరం తవ్వి వదిలేసిన గుంటలో నీళ్లు నిండి ఏర్పడ్డ చెరువు అది. అక్కడి రబ్బరు ఎస్టేట్‌లో పనిచేసి రిటైరైన అప్పలస్వామి గారు నాకో గాలం కర్ర ఇచ్చి, తన గాలానికి ఎర గుచ్చుకుంటున్నారు. నీటి మీద ఎర్రటి మచ్చ ఒకటి కదులుతుంటే, ఏముందో చూద్దామని అందులోకే గాలం విసిరాను. చేయి ఊడిపోతుందేమో అన్నంత లాగుడు! ఒడ్డుకు చేరిస్తే, మన కొరమీను జాతిదే, నా చేయంత పొడవుంది. ఇక్కడ తోమన్ అంటారట. ఫొటో కోసం ఫోన్ తీశాను.

“ఏటి సేస్తన్నారు బాబూ? బేగి ఒగ్గీండి లా!” అని ఆయన, ఇక్కడివాళ్లలా చివర ‘లా’ తగిలించి, అరిచారు. “అది ఆకలేసి కరవనేదు. ఆ ఎర్రగున్నవి దాని పిల్లలు. కాపలా కాస్తంది.”

నీళ్లవైపు చూశాను. వేరే చేపలు ఎగిరెగిరి పడుతూ ఆ పిల్లల్ని మింగేస్తున్నాయి. మచ్చ అరచేయంత మిగిలింది.

నోట్లోంచి గాలం తీసి చేపను వదిలాను. లోతుకు పారిపోతుందనుకున్నాను. నోట నెత్తురు కారుతుండగానే అది తిన్నగా పిల్లల దగ్గరికే వెళ్లింది. కాసేపటికి నీళ్లు సద్దుమణిగాయి.

“బతుకుతాయా?” అని అడిగాను.

“మిగిలినవి బతుకుతాయి,” అన్నారాయన, నా చేతిలోంచి గాలం కర్ర తీసుకుంటూ.