భీమన్న రిజర్వు జాడీ

భీమన్న దేన్నీ పూర్తిగా అయిపోనివ్వడు. ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. టీ తాగితే గ్లాసులో గుక్కెడు ఉంచుతాడు. సబ్బు బిళ్ల పలచబడగానే దాన్ని దాచేసి కొత్తది విప్పుతాడు. నాచేత ఉత్తరం రాయించుకున్నా అడుగున రెండు లైన్లు ఖాళీగా వదలమంటాడు. ఎందుకయ్యా అంటే ఒకటే జవాబు: "ఉండనియ్యి సారూ, అక్కరకొస్తది." నవ్వొచ్చినా సగమే నవ్వి మిగతాది దాచుకుంటాడని మేం చెప్పుకొనేవాళ్లం.

అది 1976. ఒమాన్‌లో సమాయిల్ అనే ఊరు దాటాక మా సైట్, సైట్ పక్కనే రూమ్. ఏడు మంచాలు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీలవీ కూలీలవీ. ఎనిమిదోది నాది. నేను కాకినాడ వాణ్ని, కంపెనీలో టైమ్‌కీపర్‌ని.

ఒక శుక్రవారం పేపర్ చదివి వినిపిస్తుంటే ఒమాన్ సెంట్రల్ బ్యాంకు మాట వచ్చింది. భీమన్న అక్కడే ఆపించి, అదేం బ్యాంకో చెప్పమన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. ఒకప్పుడు ఇక్కడ మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన రూపాయలే నడిచాయి, పాత వెండి నాణేలూ నడిచాయి. తర్వాత సొంత రియాల్ వచ్చింది. ముందు కరెన్సీ బోర్డు ఉండేది, కిందటేడు ఈ బ్యాంకు మొదలైంది. ఇది నీకూ నాకూ ఖాతా తెరవదు. మిగతా బ్యాంకులన్నీ దీని దగ్గర కొంత ఉంచాలి. వాటిలో ఏదైనా కష్టంలో పడితే చివరికి ఆదుకునేది ఇదే. రియాల్ విలువ జారిపోకుండా కాపలా కాసేదీ ఇదే.

భీమన్న నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే సారూ, దేశం గూడ కొంచెం దాసిపెట్టుకుంటదా?"

"పెట్టుకుంటుంది."

"మరి నన్నెందుకు నవ్వుతున్రు?"

మర్నాడే మా రూమ్‌లో సెంట్రల్ బ్యాంకు వెలిసింది. మాకు రియాళ్ల కంటే విలువైనది మామిడికాయ తొక్కు. ఊరినుంచి ఎవరొచ్చినా ఎవరో ఒకరి సీసా తెస్తారు. ఇకమీదట ప్రతి సీసాలోంచీ మూడు గరిటెలు భీమన్న జాడీలో వెయ్యాలి. జాడీ రేకుపెట్టెలో, తాళంచెవి మొలతాడుకు. గవర్నరు తనే. బోర్డు అంటే పక్క మంచం మల్లేశం ఒక్కడే. ఇంగ్లీషు వచ్చు కాబట్టి నేను ఇన్‌స్పెక్టర్‌ని. రూమ్ మొత్తానికి కష్టం వస్తే తప్ప జాడీ తెరవకూడదు. ఓసారి మల్లేశానికే జ్వరమొచ్చి, నోరు చేదుగా ఉంది, ఒక్క ముక్క ఇమ్మన్నాడు. భీమన్న బోర్డు మీటింగు పెట్టాడు. మీటింగు తేలేలోగా జ్వరం తగ్గిపోయింది.

మొదట్లో సీసా రానిది గంగన్న ఒక్కడికే. ఆయనకున్నది అక్క శాంతవ్వ ఒక్కతే, బయల్దేరే ముందు ఆమెతో మాటా మాటా అనుకుని వచ్చాడు. మిగతావాళ్లు సీసాలు విప్పుతుంటే, గంగన్న ఉతికిన బట్టలే మళ్లీ పట్టుకుని కుళాయి దగ్గరికి పోయేవాడు. తర్వాత ఎలాగో ఆయనకూ సీసాలు రావడం మొదలైంది. ఎవరో అందించారని భీమన్నే తెచ్చి ఇచ్చేవాడు. అక్క కోపం పోయిందని గంగన్నకు కొండంత సంబరం. ఇంతింత నంజుకుని, "మా అక్క చెయ్యి మారలే" అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు వానకి, ఎప్పుడూ ఎండి ఉండే వాగు, అక్కడివాళ్లు వాదీ అనేది, పొంగి రోడ్డు తెగింది. రేషన్ బండి రాలేదు. మూడో రోజుకి బియ్యమూ ఉప్పూ మాత్రమే మిగిలాయి. అందరి సీసాలూ ఎప్పుడో అయిపోయాయనే అనుకున్నాం.

"గవర్నరూ, ఇగ తియ్యి జాడీ," అన్నాడు మల్లేశం.

భీమన్న కదల్లేదు. ముందు ఇన్‌స్పెక్టర్ చూడాలన్నాడు. అందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, పెట్టె తీశాడు. జాడీ కడిగినట్టు ఖాళీగా ఉంది. దేన్నీ అయిపోనివ్వని మనిషి దీన్ని అడుగంటా ఊడ్చేశాడు.

"వాళ్లక్క ఒక్కపారి గూడ పంపలే సారూ," అన్నాడు మెల్లగా. "అంత గంగన్న సీసాలకే పోయింది. నేనే తిన్ననని జెప్పున్రి. దొంగ అన్నా పడ్త. వానికి మాత్రం ఎర్క గావద్దు."

పేపర్లో చదివిన అంత పెద్ద బ్యాంకు మీద కలిగిన గౌరవం ఈ మొలతాడు గవర్నరు ముందు చిన్నదైపోయింది. బయటివాళ్లకు ఏం చెప్పాలో తోచకుండానే తలుపు తీశాను.

ఎదురుగా గంగన్న, చేతిలో సగం సీసా.

"రిజర్వు ముట్టకున్రి అన్నా. మా అక్క పంపింది ఉన్నది గద. ఇయ్యాల అందరికి నేనేస్త."

పళ్లెం పళ్లెం దగ్గరా వంగి తనే వడ్డించాడు. ఏడాదిగా ఇంత ఠీవిగా నడవడం మేం చూడలేదు. మల్లేశం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. వాళ్లమ్మ కమలవ్వ తొక్కులో మెంతులు వేయించి, పొడి చెయ్యకుండా అలాగే వేస్తుంది. ఆ సంగతి మల్లేశానికి తెలియనిది కాదు. ఒక మెంతిగింజ వేలిమీదికి తీసుకుని చూశాడు. భీమన్న వైపు చూశాడు. భీమన్న తల పళ్లెంలోకి దించేశాడు.

"గంగన్నా," అన్నాడు మల్లేశం గింజ మింగి, "మీ అక్క చెయ్యి శానా మంచిగున్నది."

చివరికి సీసాలో ఒక్క గరిటెడు మిగిలింది. గంగన్న అదీ నా పళ్లెంలో వెయ్యబోతే భీమన్న చెయ్యి అడ్డం పెట్టాడు. సీసా తీసుకుని, ఆ గరిటెడూ జాడీలో వేసి, తాళం బిగించాడు.

"ఉండనియ్యి, అక్కరకొస్తది," అంటూ నవ్వాడు. ఆ పూట మాత్రం నవ్వులో ఏమీ దాచుకోలేదు.